నాలుగు పోర్షన్ల భవనాన్ని నిర్వహణ సంస్థకు అప్పగించాక: రెండేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

రెండు అంతస్తుల్లో నాలుగు పోర్షన్లున్న మా భవనాన్ని మొదటి ఆరేళ్లు మేమే చూసుకున్నాం. గత రెండేళ్లుగా అది ఒక అద్దె నిర్వహణ సంస్థ చేతిలో ఉంది. ఇటీవల ఒప్పందం గడువు ముగిసినప్పుడు, కొనసాగించాలా మానుకోవాలా అని తేల్చుకోవడానికి రెండేళ్ల లెక్కలు, ఫిర్యాదులు, రసీదులు అన్నీ ముందు వేసుకొని కూర్చున్నాం. అప్పుడు తేలిన విషయాలనే ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. నేను చెప్పబోయే లోపాలు ఆ ఒక్క సంస్థవి కావు, ఈ సేవ నడిచే పద్ధతిలోనే ఉన్నాయని నా అభిప్రాయం. 5 మార్కులకు నేనిచ్చేది 3.

మేమే చూసుకున్న రోజుల్లో అన్నింటికంటే కష్టమనిపించింది అద్దె అడగడం. ఉన్నవి నాలుగే కుటుంబాలు కాబట్టి అందరి కష్టసుఖాలూ తెలుస్తాయి. ఎవరి ఉద్యోగం పోయిందో, ఎవరి పిల్లవాడు ఆసుపత్రిలో ఉన్నాడో తెలిసిన తరువాత, గడువు దాటిందని గుర్తుచేయడానికి నోరు పెగలదు. అలాగని ఊరుకుంటే మన అప్పు వాయిదాలు, పన్నులు, బీమా ప్రీమియం మనకోసం ఆగవు. ఒక కుటుంబం విషయంలో మొహమాటపడి నాలుగు నెలలు ఊరుకున్నాం. చివరికి వారు ఖాళీ చేసి వెళ్లేటప్పటికి బకాయి పోవడమే కాక పలకరింపులు కూడా పోయాయి.

ఈ పనిని సంస్థ చక్కగా చేస్తోంది. గడువుకు మూడు రోజుల ముందు ఒక సందేశం, దాటిన మర్నాడు మరొకటి, వారం దాటితే రాతపూర్వకమైన నోటీసు వెళతాయి. అందరికీ ఒకే నియమం కావడం వల్ల ఎవరూ నొచ్చుకోవడం లేదు. ఒక కుటుంబం నిజంగానే ఇబ్బందిలో ఉన్నప్పుడు వాయిదాల్లో కట్టే వీలు కల్పించమని మేము కోరితే, ఆ ఏర్పాటును కాగితం మీద పెట్టి, సంతకాలు తీసుకొని, చివరి వాయిదా వరకు సక్రమంగా నడిపించారు. రెండేళ్లలో బకాయి ఒక్కటీ మిగలలేదు.

చేరేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు తీసే ఫొటోల విషయంలోనూ వారిని మెచ్చుకోవాలి. ఒక పోర్షనులో స్నానాల గది తలుపు కింది అంచు నీటికి ఉబ్బి, పొరలు విడిపోయి కనిపించింది. వెళ్లిపోతున్న కుటుంబమే పాడుచేసిందని నేను గట్టిగా నమ్మాను. సంస్థవారు తీసి చూపిన ఫొటోలో, వాళ్లు చేరిన రోజునే ఆ అంచు అలా ఉంది. పాత పద్ధతిలో అయితే డిపాజిట్ నుంచి ఆ ఖర్చు కోసుకొని, అన్యాయం చేశామన్న సంగతి కూడా తెలియకుండా ఉండేవాళ్లం.

ఇక రుసుము సంగతి. ఒప్పందం మొదటి పేజీలో కనిపించేది వసూలైన అద్దెలో 8 శాతం. నాలుగు పోర్షన్ల అద్దె సమానమే కాబట్టి లెక్కను నెలల అద్దెల్లోనే చెబుతాను. ఏడాదికి రావలసినవి 48 నెలల అద్దెలు. ఒక పోర్షను 3 నెలలు ఖాళీగా ఉండడం వల్ల నిరుడు వచ్చినవి 45. వాటిలో 8 శాతమంటే 3.6 నెలల అద్దె. కొత్త కుటుంబాన్ని చేర్చినందుకు మరో సగం నెల. పనివారికి చెల్లించే మొత్తం మీద సంస్థ అదనంగా 10 శాతం తీసుకుంటుంది. నిరుడు మరమ్మతులకు 6 నెలల అద్దెకు సమానమైన సొమ్ము వెళ్లింది కాబట్టి అది 0.6. అన్నీ కలిపితే 4.7 నెలల అద్దె, అంటే చేతికొచ్చిన దానిలో దాదాపు 10.4 శాతం. ఇందులో దాచిపెట్టింది ఏమీ లేదు, అన్నీ ఒప్పందంలో రాసి ఉన్నవే. కానీ మరమ్మతుల మీద తీసుకునే ఆ చివరి 10 శాతం నాకు మొదటినుంచీ నచ్చలేదు. ఒకే పనికి మనిషిని ఎన్నిసార్లు పంపితే సంస్థకు అంత ఆదాయం వచ్చే ఏర్పాటు అది. వారు కావాలని అలా చేశారని నేను అనను. అయితే ఒక్కసారిలో పని ముగించాలన్న ఒత్తిడి వారి మీద లేదన్నది మాత్రం వాస్తవం.

దీనికి మంచి ఉదాహరణ కింది అంతస్తులోని ఒక వంటగది సింకు. అందులోకి మురికినీరు ఎదురుతన్నుతోందని అక్కడ ఉంటున్న పెద్దావిడ ఫిర్యాదు చేశారు. ప్లంబరు వచ్చి సింకు కింద ఉన్న వంపు పైపును విప్పి, కడిగి, బిగించి వెళ్లాడు. పది రోజులకు మళ్లీ అదే. ఐదు వారాల్లో మూడుసార్లు ఇదే పని జరిగింది, మూడు రసీదులు వచ్చాయి, మూడు ఫిర్యాదుల పక్కనా ‘పరిష్కారమైంది’ అని నమోదైంది. నాలుగోసారి నేనే వెళ్లాను. ఆవిడ నన్ను సింకు దగ్గర నిలబెట్టి, “చూడు బాబూ, మా కుళాయి కట్టేసే ఉంది. పైన గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినపడుతోందా? ఇప్పుడు చూడు” అన్నారు. అర నిమిషంలో సింకు అడుగున జాలీలోంచి జిడ్డు తేలే బూడిదరంగు నీళ్లు గుడగుడమంటూ పైకి లేచాయి. పై పోర్షను, కింది పోర్షను వాడిన నీళ్లన్నీ ఒకే నిలువు పైపులోకి దిగుతాయి. ఆ పైపు కింది భాగంలో ఎక్కడ జిడ్డు పేరుకున్నా, పైవారు వాడిన నీరు దారి దొరక్క అన్నింటికంటే కింద ఉన్న సింకులోంచే బయటపడుతుంది. కింది సింకు వంపు పైపును ఎన్నిసార్లు కడిగినా ప్రయోజనం ఉండదు. బయటి తనిఖీ మూత తీసి ప్రధాన పైపును శుభ్రం చేయించాక, ఇంతవరకు ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

ఆవిడ ఈ మాటే మూడుసార్లూ ఫోనులో చెప్పారట. మరి ఎవరికీ ఎందుకు ఎక్కలేదని ఆరా తీస్తే అసలు కారణం దొరికింది. సంస్థ యాప్‌లో ఫిర్యాదు నమోదు చేయాలంటే ముందుగా పోర్షను నంబరు ఇవ్వాలి. 1, 2, 3, 4 తప్ప మరో గడి లేదు. నిలువు పైపుకు నంబరు లేదు. మెట్ల మీది దీపానికి, డాబా మీది నీళ్ల ట్యాంకుకు, మోటారుకు, పై పోర్షను పిల్లల పరుగుల చప్పుడుకు నంబరు లేదు. ఇవన్నీ ఏదో ఒక పోర్షను ఖాతాలో పడి, ఆ పోర్షను హద్దుల్లోనే చూడదగిన సమస్యలుగా మారిపోతున్నాయి. విడి ఇళ్లకు ఈ పద్ధతి సరిపోతుంది. వందల పోర్షన్లున్న సముదాయాల్లో అక్కడే ఉండే సిబ్బంది ఉమ్మడి విషయాలు చూసుకుంటారు. మాలాంటి చిన్న భవనాలకు ఆ సిబ్బంది ఉండరు, కష్టాలేమో చాలావరకు ఉమ్మడివే.

నీటి బిల్లు విషయంలోనూ ఇదే జరిగింది. నాలుగు పోర్షన్లకూ కలిపి ఒకటే మీటరు. బిల్లును నాలుగు సమాన భాగాలు చేస్తారు. ఐదుగురున్న ఇంటికీ ఒక్కరే ఉండే ఇంటికీ ఒకే వాటా ఏమిటన్న అసంతృప్తి ముందునుంచీ ఉంది. ఒక దఫా బిల్లు ఉన్నట్టుండి రెట్టింపయ్యేసరికి అది చిలికి చిలికి గాలివాన అయింది. ఐదుగురున్న కుటుంబం వైపే అందరి వేళ్లూ చూపాయి. సంస్థవారు మాత్రం వాడకం పెరిగిందని సందేశం పంపి, వాటాలు పెంచి ఊరుకున్నారు. ఒక రాత్రి నాలుగు ఇళ్లవారినీ బతిమాలి అరగంటసేపు కుళాయిలన్నీ కట్టించి, టార్చి వేసి మీటరు చూశాను. అందులోని చిన్న చక్రం ఆగకుండా తిరుగుతూనే ఉంది. మర్నాడు ప్రతి ఇంట్లోనూ ఫ్లష్ ట్యాంకులో కొన్ని చుక్కల రంగు వేసి, పావుగంటసేపు ఎవరూ ఫ్లష్ నొక్కకుండా చూశాం. మూడిళ్లలో కమోడులోని నీరు తేటగానే ఉంది; నాలుగో ఇంట్లో వెనక గోడ మీదుగా సన్నని ఎర్రటి చార దిగుతోంది. ఆ ఇంట్లో ఉండేది ఒక్క మనిషి, తరచుగా ఊళ్లు తిరిగే ఉద్యోగం. ట్యాంకు అడుగున రబ్బరు మూత గట్టిపడి, ఇరవై నాలుగు గంటలూ నీరు జారిపోతోంది. దాన్ని మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఐదుగురున్న ఇంటి తల్లి ఆ తరువాత నెలరోజులపాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు; ఆమెను తప్పుపట్టలేను.

మూడు నెలల ఖాళీ గురించి కొంచెం చెప్పాలి. వంద పోర్షన్ల యజమానికి ఒకటి ఖాళీ అయితే తగ్గేది 1 శాతం, మాకు 25 శాతం. సంస్థకు మా పోర్షనూ వారి జాబితాలోని మరో ఖాళీ పోర్షనూ ఒకటే కావడం వల్ల, రంగులు వేసేవారు పెద్ద సముదాయంలో పని ముగించి మా దగ్గరకు రావడానికే ఐదు వారాలు పట్టింది. కొత్తవారిని పరిశీలించి ఎంపిక చేయడంలో వారు చూపిన శ్రద్ధకు నాకు తృప్తిగానే ఉంది. పోయిన కాలమంతా అంతకు ముందు పోయిందే.

నీళ్ల హీటర్ల విషయంలో నేర్చుకున్నది కూడా ఇలాంటిదే. నాలుగూ ఒకే ఏడాది బిగించినవి. ఒకటి పాడైన నాలుగు నెలలకు రెండోది కారడం మొదలుపెట్టింది. సంస్థ లెక్కలో అవి సంబంధం లేని రెండు ఫిర్యాదులు. మిగిలిన రెండింటినీ ఒకే రోజు మార్పించమని చెప్పి, ఆనాటి నుంచి నెలనెలా వచ్చే అద్దెలో కొంత విడిగా పెడుతున్నాం.

ఇన్ని చెప్పాక ఒప్పందం ఎందుకు పొడిగించారని అడగవచ్చు. అద్దె అడిగే పని మళ్లీ నెత్తిన వేసుకునే ధైర్యం మాకు లేకపోవడం ఒక కారణం, మేము చెప్పిన మార్పులను సంస్థవారు చాలావరకు అంగీకరించడం మరొకటి. ఒకే మరమ్మతు నెలలోపు మళ్లీ చేయాల్సి వస్తే రెండోసారి అదనపు 10 శాతం తీసుకోరు. పనికి ముందూ తరువాతా ఫొటోలు పంపుతారు. ఖాళీ అయిన పోర్షనుకు రంగులు రెండు వారాల్లో ముగియకపోతే మా మనిషిని మేము పెట్టుకోవచ్చు. ఇప్పటికీ ఇద్దరే అద్దెదారులున్న ఇంటి యజమానికి, భవనానికి దగ్గరలోనే ఉంటూ సమయం కేటాయించగలిగిన వారికి ఈ సేవ అవసరం లేదనే అంటాను. దూరంగా ఉండేవారు, మొహమాటస్తులు తప్పక ఆలోచించవచ్చు; సంతకం చేసే ముందు మాత్రం ఉమ్మడి పైపు పగిలితే ఫిర్యాదు ఏ నంబరు కింద రాస్తారని అడగండి.

మా కోరికల్లో వారు ఒప్పుకోవడానికి ఎక్కువ సమయం తీసుకున్నది అదే. చివరికి యాప్‌లో మా భవనానికి 5వ పోర్షనును చేర్చారు. అందులో ఎవరూ ఉండరు, అద్దె రాదు. దాని కింద మొదటి ఫిర్యాదు కింది అంతస్తు పెద్దావిడే నమోదు చేశారు: మెట్ల మలుపులో దీపం వెలగడం లేదని. రెండో రోజు సాయంత్రానికి వెలిగింది.