విమానం కిట్‌లో అతుకు గీత మాయం కావాలంటే ఏది మేలు: పల్చటి సిమెంటా, చిక్కటి సిమెంటా, సూపర్ గ్లూనా?

ముక్కలు అతికించి బొమ్మ విమానం తయారుచేసుకునే ప్లాస్టిక్ కిట్‌లో, 1/72 స్కేల్ (అసలులో 72వ వంతు) స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం లాంటి దాంట్లో, విమానం ఒళ్లు కుడి ఎడమ సగాలుగా వస్తుంది. ఆ రెండూ కలిసేచోట వెన్ను పొడవునా, పొట్ట పొడవునా ఒక గీత పడుతుంది. రంగు వేశాక ఆ గీత కనబడిందంటే మిగతా పనితనమంతా వెనక్కి పోతుంది, చూసేవాళ్ల కన్ను ముందు అక్కడే పడుతుంది.

ఈ కిట్‌లు ఎక్కువగా పాలీస్టైరీన్‌వి. మోడల్ సిమెంట్ అంటే ఇల్లు కట్టే సిమెంట్ కాదు, ఈ కిట్‌లు అతికించే ద్రవం; అది ఈ ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. మెత్తబడిన రెండు అంచులూ కలిసిపోయి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్కగా బిగుస్తాయి. ఇనుముకు వెల్డింగ్ ఎలాగో దీనికి ఇది అలాగ. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ ప్లాస్టిక్‌ను అలా కలిపేయదు, రెండింటి మధ్య తానే ఒక పొరగా గట్టిపడుతుంది. ఏది ఎక్కడ వాడాలన్నది ఈ తేడాను బట్టే ఉంటుంది.

పొడవాటి అతుకులకు నా ఓటు పల్చటి సిమెంట్‌కే. టామియా ఎక్స్‌ట్రా థిన్ అయితే ఆకుపచ్చ మూత, 40 మి.లీ. గాజు సీసా, మూతకే సన్నటి బ్రష్ ఉంటుంది. దీన్ని ముందే అంచులకు పూయకూడదు, పూస్తే కలిపేలోపే ఆరిపోతుంది. మొదట సిమెంట్ లేకుండా ముక్కలు కలిపి చూసి, అడ్డొచ్చే పిసర్లు గీకేయాలి. తర్వాత రెండు మూడు సెంటీమీటర్లకొక టేపు ముక్క అడ్డంగా వేసి, టేపుల మధ్య ఖాళీలో బ్రష్ కొనను గీతకు తాకించాలి. వత్తి నూనె పీల్చినట్టు సిమెంట్ తనంతట తానే లోపలికి పాకుతుంది. పావు నిమిషం ఆగి రెండు వైపుల నుంచీ మెల్లగా నొక్కితే, కరిగిన ప్లాస్టిక్ గీత వెంట సన్నటి కట్టలా పైకి ఉబ్బుతుంది. మనకు కావలసింది ఆ ఉబ్బే. పుట్టీ అవసరం లేకుండా సందును అదే పూడుస్తుంది. గంట తర్వాత టేపులు తీసి, వాటి కింద మిగిలిన చోట్ల కూడా ఇలాగే చేయాలి.

పాకే గుణమే దీని ప్రమాదం కూడా. టేపు అంచు కిందికో, గీత మీద పెట్టిన వేలి కిందికో చేరిందంటే మరక పడుతుంది, వేలిముద్ర అచ్చు గుద్దినట్టు దిగిపోతుంది. ఒలికితే తుడవకండి, తుడిస్తే మెత్తబడ్డ ప్లాస్టిక్ చెదిరిపోతుంది. అలాగే వదిలేస్తే చాలావరకు ఆవిరైపోతుంది.

చిక్కటి సిమెంట్‌లో ప్లాస్టిక్ కూడా కరిగి ఉంటుంది కాబట్టి నిదానంగా ఆరుతుంది. రెక్కల పై భాగం, కింది భాగం లాంటి వెడల్పాటి ముఖాలకూ, చక్రం కాలు లాంటి కోణం సరిచూసుకోవాల్సిన భాగాలకూ ఇదే నయం, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. అంచు దాకా పూస్తే మాత్రం బయటికి పొంగి చెక్కిన వివరాలను మింగేస్తుంది. అంచుకు మిల్లీమీటరు లోపలే ఆపాలి.

ఏ సిమెంట్ వాడినా 24 గంటలు ఆగాకే ఎమరీ పేపర్ పట్టాలి. తొందరపడి అప్పుడే నున్నగా రుద్దితే, లోపల మిగిలిన ద్రావకం తర్వాత పోయేటప్పుడు ప్లాస్టిక్ కుంచించుకుపోయి, రంగు వేసిన కొన్నాళ్లకు గీత మళ్లీ పల్లంగా తేలుతుంది. 400తో మొదలుపెట్టి 600, 1000 నంబర్లతో తడిపి రుద్దితే సరిపోతుంది.

సూపర్ గ్లూ అలా కుంగదు. అందుకే రెక్క మొదట్లో మిగిలే సందు పూడ్చడానికి సిమెంట్ కన్నా అదే మేలు. టూత్‌పిక్ కొనతో కొద్దికొద్దిగా పెట్టి, గట్టిపడిన గంటలోపే రుద్దేయాలి. రాత్రంతా వదిలేస్తే ప్లాస్టిక్ కన్నా గట్టిగా తయారవుతుంది. అప్పుడు కాగితం గ్లూను వదిలేసి పక్కనున్న మెత్తటి ప్లాస్టిక్‌ను తినేస్తుంది. సందు పావు మిల్లీమీటరు దాటితే జిగురుతో నింపకుండా 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీటు పీలిక దూర్చి, పల్చటి సిమెంట్‌తో కలిపేయడం మంచిది. ఇత్తడి, రెజిన్ భాగాలకు మాత్రం సూపర్ గ్లూయే, సిమెంట్ వాటిని కరిగించలేదు. రంగు వేసిన అంచుల మీదా సిమెంట్ సరిగా పట్టదు, అక్కడ రంగు గీకి ప్లాస్టిక్ బయటపెట్టాలి.

కాక్‌పిట్ అద్దానికి ఈ మూడూ వద్దు. సిమెంట్ చుక్క పడితే అద్దం మసకబారుతుంది. సూపర్ గ్లూ ఆవిరి తెల్లటి బూజులా పేరుకుంటుంది, వానాకాలపు తేమలో మరీనూ. ఫెవికాల్ చాలు: ఆరితే కనబడదు, ఆరేలోపు తడిగుడ్డతో తుడిచేయొచ్చు.

అతుకు పోయిందో లేదో చేతికి తెలియదు. బూడిదరంగు ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే పూత) ఒక పల్చటి పొర కొట్టి, దీపం పక్కవాటుగా పట్టి చూడండి. గీత నీడలా కనిపిస్తే అక్కడ మాత్రమే సూపర్ గ్లూ పెట్టి, రుద్ది, మళ్లీ ప్రైమర్ కొట్టాలి.