మెక్లాఫ్లిన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి: మహావిష్ణునా, శక్తా?

ఇంగ్లిష్ జాజ్ గిటారిస్ట్ జాన్ మెక్లాఫ్లిన్ గిటార్ వినాలనుకునేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: ఆయన జాజ్-రాక్ బృందం మహావిష్ణు ఆర్కెస్ట్రాతో మొదలుపెట్టాలా, మన సంగీతకారులతో కలిసి నడిపిన 'శక్తి' బృందంతోనా? అమెరికన్ జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్‌తో ఆయన వాయించిన రోజుల గురించి తెలిసే ఉంటుంది కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

జాజ్ మీద ఆయన ప్రభావం తెలియాలంటే మహావిష్ణు ఆర్కెస్ట్రా వినాల్సిందే. 1971 నాటి 'ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్'లో హోరు రాక్‌ది, తాళం లెక్కలు మాత్రం రాక్ వాళ్ళెవరూ ఊహించనివి. బిల్లీ కాబమ్ డ్రమ్స్, జెర్రీ గుడ్‌మన్ వయొలిన్, మెక్లాఫ్లిన్ గిటార్ ఒకదాన్నొకటి తరుముతుంటాయి. తర్వాత ఫ్యూజన్ (జాజ్, రాక్ కలిపిన సంగీతం) వైపు వచ్చిన గిటారిస్టుల్లో ఈ ఆల్బమ్ ప్రభావం పడనివాళ్ళు అరుదు. కానీ కొత్తవాళ్ళకి ఆ హోరులో గిటార్ ఏం చెప్తోందో అందడం కష్టం.

నా లెక్కలో ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చేది గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు. మన చెవి స్వరం కంటే ముందు దాని కదలికను పట్టుకుంటుంది. మెక్లాఫ్లిన్‌కి ఇది బాగా తెలుసు. అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నారాయన. శక్తి కోసం చేయించుకున్న గిటార్‌లో మెట్ల (ఫ్రెట్ల) మధ్య కొయ్యను గుంటలుగా చెక్కించారు. వేలి కింద చెక్క తగలదు కాబట్టి తీగ స్వేచ్ఛగా లాగొచ్చు, స్వరం వీణ మీద లాగే ఊగుతుంది. శ్రుతి కోసం అడ్డంగా వేరే తీగలు కూడా పెట్టించారు. 1975లో రికార్డయిన మొదటి ఆల్బమ్‌లో ఎల్. శంకర్ వయొలిన్ ఒక పలుకు వేస్తే గిటార్ అదే వంపుతో బదులిస్తుంది. వెనక జాకీర్ హుసేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. అరగంటలో కచేరీకి వచ్చినట్టే ఉంటుంది.

పైగా శక్తికి తర్వాతి రూపమైన 'రిమెంబర్ శక్తి' బృందంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ వాయించారు. మాండలిన్ మీద కర్ణాటక సంగీతమేంటి అన్నవాళ్ళ నోరు చిన్న వయసులోనే మూయించిన మనిషి! 2000లో వచ్చిన 'ది బిలీవర్'లో ఆయన, మెక్లాఫ్లిన్ మాటకి మాట అన్నట్టు వాయించుకుంటారు. ఇద్దరివీ మెట్లున్న వాద్యాలే, రెండూ గొంతులా పాడతాయి.

గిటారిస్టులు పాకో డి లూసియా, అల్ డి మియోలాలతో మెక్లాఫ్లిన్ చేసిన 'ఫ్రైడే నైట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో' వేగం ఇష్టమైనవాళ్ళకి బాగుంటుంది, అంతే.

అందుకే ముందు శక్తి మొదటి ఆల్బమ్, తర్వాత 'ది బిలీవర్' వినమంటాను. ఆయన పలుకు చెవికి పట్టాక మహావిష్ణు పెట్టండి. అప్పుడు ఆ హోరులోనూ గిటార్ విడిగా వినిపిస్తుంది.