నయీంనగర్ ఇంట్లో రెండుసార్లు బిగించిన ఏసీ: ఫిట్టింగ్ సేవపై సమీక్ష

మార్చి నెలాఖరులో మా ఇంటి పై అంతస్తు గదికి ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ కొన్నాము. హనుమకొండ నయీంనగర్‌లోని మా ఇంట్లో ఆ గదికి పైన నేరుగా స్లాబు, పడమర దిక్కున గోడ ఉన్నాయి. మే నెలలో ఇక్కడ ఎండ 43, 44 డిగ్రీలకు చేరిన రోజుల్లో రాత్రి పదకొండు దాటినా ఆ గోడ మీద చేయి పెడితే వేడిగానే తగులుతుంది. ఈ సమీక్ష ఆ యంత్రం గురించి కాదు, దానిని బిగించిన పని గురించి. మొదట కొన్న చోటు నుంచి పంపిన మనుషులు, ఆరు వారాల తరువాత హనుమకొండ చౌరస్తా సమీపంలో చిన్న మరమ్మతు దుకాణం నడిపే ఒక మెకానిక్, ఒకే యంత్రాన్ని రెండు రకాలుగా బిగించారు. మొదటిసారి నేను పట్టించుకోలేదు. రెండవసారి స్టూలు వేసుకొని పక్కనే కూర్చున్నాను.

మొదటి ఫిట్టింగ్ యాభై నిమిషాల్లో ముగిసింది. సాయంత్రం ఐదు గంటలకు ఇద్దరు యువకులు మోటారు సైకిలు మీద వచ్చి, సుత్తితో, ఉలితో గోడకు రంధ్రం కొట్టి, లోపలి యూనిట్‌ను తగిలించి, బయటి యూనిట్‌ను డాబా మీద పిట్టగోడకు నాలుగు అంగుళాల దూరంలో, పడమటి ఎండ పడే చోటనే నిలబెట్టారు. రాగి పైపుల చివరల నట్లను మామూలు పానాతో బిగించి, బయటి యూనిట్ వాల్వును కొద్దిగా తిప్పి, కొంత గ్యాస్‌ను బయటికి వదిలి, పైపుల్లోని గాలి పోయిందని చెప్పారు. పది నిమిషాల్లో చల్లగాలి వచ్చింది. ఫిట్టింగ్‌కు 1,500, అదనపు పైపుకు 1,900 రూపాయలు తీసుకున్నారు. చల్లగాలి వచ్చింది కనుక పని బాగానే జరిగిందని మేమూ అనుకున్నాము.

ఏప్రిల్ మూడవ వారానికి గది 28 డిగ్రీల కంటే కిందికి దిగడం మానేసింది. లోపలి యూనిట్ కింద గోడ మీద తడి చార ఏర్పడింది. డాబా మీదికి వెళ్ళి చూస్తే, బయటి యూనిట్ దగ్గర సన్న పైపు మీద తెల్లగా మంచు పేరుకొని ఉంది. మండుటెండలో మంచును చూసి ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తోందని మా అబ్బాయి సంబరపడ్డాడు గానీ, అది గ్యాస్ తగ్గిపోయిందనడానికి గుర్తు అని తరువాత తెలిసింది. ఫిర్యాదు చేస్తే వచ్చిన వ్యక్తి మీటరు తగిలించి చూసి, గ్యాస్ నింపడానికి 2,800 రూపాయలు అవుతుందనీ, అసలు ఈ గదికి రెండు టన్నుల యంత్రం తీసుకోవలసిందనీ అన్నారు. ఒకటిన్నర టన్ను అంటే గంటకు 18,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) వేడిని బయటికి తోయగల శక్తి. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు ఉన్న గదికి, పైన స్లాబు ఉన్నా, అది చాలదని నేను నమ్మలేకపోయాను. పైగా నాలుగు వారాల కిందట నిండుగా ఉన్న గ్యాస్ ఎటు పోయిందన్న ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. ఏసీలోని గ్యాస్ పెట్రోలులా వాడితే ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో తిరుగుతూ ఉండేదే కనుక, తగ్గిందంటే ఎక్కడో కారిందని అర్థం.

ఎదురింటివారు చెప్పగా చౌరస్తా దగ్గరి దుకాణానికి వెళ్ళాను. అక్కడి మెకానిక్‌కు యాభై ఏళ్ళు పైబడి ఉంటాయి. నేను చెప్పినదంతా విని ఒక్క మాట అన్నారు: "గ్యాస్ నింపుడు పది నిమిషాల పని సార్. అది పోయే తొవ్వ దొరకకుంటే నింపి ఏం లాభం?" ఆదివారం వస్తానని మంగళవారం వచ్చారు. ఆ రెండు రోజులూ ఆయన ఫోను ఎత్తలేదు. ఇది ఈ దుకాణంతో ఉన్న పెద్ద ఇబ్బంది, దాని సంగతి చివర చెబుతాను.

వచ్చినప్పుడు మాత్రం సామానుతో వచ్చారు. పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపు, నైట్రోజన్ సిలిండరు, నట్టును నిర్ణీత బలంతోనే బిగించే టార్క్ రెంచి, గ్యాస్ తూచే కాటా ఆటోలో దించుతుంటే, మొదటి ఇద్దరూ ఒక్క చేతి సంచితో వచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. మిగిలిన గ్యాస్‌ను ఖాళీ సిలిండరులోకి లాగి, పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించి, ఒత్తిడిని సుమారు 400 పీఎస్ఐకి (చదరపు అంగుళానికి ఇన్ని పౌన్లు అనే లెక్క) తెచ్చి, ప్రతి జాయింటు మీద సబ్బు నురగ పూశారు. ఈ పరీక్షకు నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడడం ఎంత మాత్రం తగదు. అధిక ఒత్తిడిలో ఆక్సిజన్ కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలిపోతుంది. లోపలి యూనిట్ వెనుక, అర అంగుళం పైపు నట్టు దగ్గర, సన్నగా బుడగలు వచ్చాయి. తొవ్వ దొరికింది.

నట్టు విప్పి పైపు చివరను నాకు చూపించారు. రాగి పైపు చివరను గంట ఆకారంలో విప్పార్చడాన్ని ఫ్లేర్ చేయడం అంటారు. అది ఒక పక్క వెడల్పుగా, మరొక పక్క ఇరుకుగా ఉంది, అంచున వెంట్రుకంత చీలిక కూడా ఉంది. ఆయన ఆ ముక్కను కోసేసి, రాగి రజను లోపల పడకుండా పైపు మూతిని కిందికి వంచి అంచును గీకి, మళ్ళీ ఫ్లేర్ చేసి, ఒక చుక్క నూనె రాసి, నట్టును ముందు చేత్తోనే చివరిదాకా తిప్పి, ఆ తరువాతే టార్క్ రెంచితో టక్కుమనేదాకా బిగించారు. రెంచి ఎందుకని అడిగితే, పానాతో బలం కొద్దీ బిగిస్తే మెత్తని రాగి నలిగి చీలుతుందనీ, జాలిపడి బిగిస్తే కారుతుందనీ, చేతికి ఆ లెక్క తెలుస్తుందని అనుకునేవారి వల్లనే తనకు సగం గిరాకీ వస్తోందనీ చెప్పారు. మళ్ళీ నైట్రోజన్ ఎక్కించి ముప్పావు గంట వదిలేశారు. ఒత్తిడి చూపే ముల్లు కదలలేదు, అంటే ఇక ఎక్కడా కారడం లేదు.

నా దృష్టిలో ఈ పని మొత్తానికి ప్రాణం ఆ తరువాతి ఘట్టమే, అయితే ఇల్లు గలవారికి బొత్తిగా కనపడనిదీ అదే. వాక్యూమ్ పంపును పైపులకు తగిలించి నలభై నిమిషాలు నడిపారు, గేజిలో సంఖ్య 500 మైక్రాన్ల (పైపుల్లో మిగిలిన ఒత్తిడిని కొలిచే ప్రమాణం) కంటే కిందికి వచ్చాక పంపును ఆపి, మరో పది నిమిషాలు అది పెరుగుతుందేమోనని చూశారు. పైపుల్లో గాలి మిగిలితే అది గ్యాస్‌లాగా ద్రవంగా మారదు. బయటి యూనిట్‌లో ఇరుక్కొని ఒత్తిడిని పెంచుతుంది, కరెంటు ఎక్కువ తాగిస్తుంది. దానికంటే చెరుపు చేసేది తేమ. ఈ తరం యంత్రాల కంప్రెసర్ నూనె తేమను ఇట్టే పీల్చుకొని, క్రమంగా ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం మోటారు చుట్టల పూతను తినేస్తుంది. ఫలితం మొదటి నెలలో కనపడదు, రెండేళ్ళకో మూడేళ్ళకో కంప్రెసర్ పోయినప్పుడు కనపడుతుంది, అప్పుడు బిగించిన మనిషి ఎవరికీ గుర్తుండడు. గ్యాస్ వదిలి గాలిని తరిమే పాత పద్ధతిలో గాలీ పూర్తిగా పోదు, తేమ అసలే పోదు. పైగా మా యంత్రంలో ఉన్న ఆర్-32 అనే గ్యాస్ కొద్దిపాటి మంట స్వభావం గలది కనుక, మూసిన గదిలో వదలదగినది కూడా కాదు.

గ్యాస్‌ను ఆయన అంచనాతో నింపలేదు. బయటి యూనిట్ పలక మీద రాసి ఉన్న 850 గ్రాములకు అదనపు పైపు పొడవుకు కావలసినది కలిపి, సిలిండరును కాటా మీద పెట్టి తూచి ఎక్కించారు.

బయటి యూనిట్‌ను ఉత్తరం వైపు గోడకు ఇనుప స్టాండు మీదికి మార్చారు. వెనుక అడుగు ఎడం, ముందు గాలి పోవడానికి పూర్తి ఖాళీ ఉన్నాయి. పిట్టగోడకు ఆనుకొని ఉన్నప్పుడు అది ఊదిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకొనేదట. గోడ రంధ్రం లోపలి వైపుకు వాలి ఉండడమే తడి చారకు కారణమని తేల్చి, బయటికి వాలేలా సరిచేశారు, లోపలి యూనిట్ తొట్టిలో చెంబెడు నీళ్ళు పోసి అవి బయటికి సాఫీగా పోయేదాకా ఆగారు. ఆ నీళ్ళను పూల కుండీలకు వాడాలని మా ఆవిడ పైపు కింద బకెట్ పెట్టింది. పెట్టుకోవచ్చు గానీ పైపు కొస నీళ్ళలో మునగకూడదని, మునిగితే నీళ్ళు వెనక్కి తన్నుతాయని ఆమెకు ప్రత్యేకంగా చెప్పారు. మొదటివారు తెల్లని టేపు చుట్టి వదిలేసిన పైపులను ఈయన గట్టి పీవీసీ గొట్టంలో దించి క్లాంపులు కొట్టారు. హనుమకొండలో ఉండేవారికి కారణం చెప్పనక్కర లేదు. మా వీధి కోతుల మంద పైపుల మీది నల్లని ఫోమును అప్పటికే రెండు చోట్ల పీకి, నమిలి, రుచి నచ్చక డాబా మీద ఉమ్మేసి పోయింది.

కరెంటు విషయంలో తప్పు కొంత మాది. గీజరుకు వేసిన లైనులోనే ఏసీ ప్లగ్గు పెట్టించుకున్నాము. ఈయన మెయిన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడి లైను లాగి, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చి) పెట్టారు. తరువాత ఎర్తు, న్యూట్రల్ మధ్య కొలిస్తే 11 వోల్టులు చూపించింది, రెండు మూడు దాటకూడదట. మా దగ్గర రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది, ఎండాకాలంలో ఎర్తు గుంత ఎండిపోయి మట్టి పట్టు వదిలేస్తుంది. ఉప్పు, బొగ్గు వేసి గుంతను మళ్ళీ నింపించి నీళ్ళు పోయించాక 2 వోల్టులకు దిగింది. ఇప్పుడు వారానికి ఒకసారి ఆ గుంతకు రెండు బిందెల నీళ్ళు పోయడం మా నాన్నగారి పని.

ఉదయం పదిన్నరకు మొదలైన పని సాయంత్రం ఐదింటికి ముగిసింది. ఆఖరున లోపలి యూనిట్‌లోకి వెళ్ళే గాలిని కొలిస్తే 29 డిగ్రీలు, బయటికి వచ్చే గాలి 15 డిగ్రీలు. ఆ రాత్రి 24 మీద పెడితే గంటలోపే గది చల్లబడి, కంప్రెసర్ నెమ్మదించింది. అంతకుముందు రాత్రంతా నడిస్తే పది పదకొండు యూనిట్లు తిరిగే మీటరు ఇప్పుడు ఏడు దాటడం లేదు.

మొత్తం బిల్లు 7,900 రూపాయలు. పరీక్ష, వాక్యూమ్, గ్యాస్ కలిపి 3,200, యూనిట్ మార్పు, పైపు, స్టాండు 2,400, కరెంటు పని 2,300. చౌక కాదు. కానీ ఇందులో దాదాపు సగం మొదటివారి పనిని దిద్దడానికి అయిన ఖర్చే కనుక, దీనిని ఈ దుకాణం రేటుగా లెక్కించడం న్యాయం కాదు. ఫిర్యాదులు మాత్రం ఉన్నాయి. మాట ఇచ్చిన రోజుకు రారు, రానని చెప్పరు. గోడ పని చేసేటప్పుడు మంచం మీద దుప్పటి కప్పమని మేమే గుర్తు చేయవలసి వచ్చింది. చేసిన పనికి ఆరు నెలల పూచీ నోటితో చెప్పారే గానీ, పట్టుబడితేనే బిల్లు వెనుక రాసి సంతకం పెట్టారు. ఇంకొక సంగతి కూడా దాచకూడదు. మా వారంటీ కార్డులో బయటివారు విప్పిన యంత్రానికి కంపెనీ బాధ్యత వహించదని రాసి ఉంది. అది తెలిసే ఈయనను పిలిచాను. అంత తెగింపు లేనివారు కంపెనీ మనుషులనే రప్పించి, లీకు ఎక్కడుందో కనిపెట్టకుండా గ్యాస్ నింపడానికి ఒప్పుకోమని రాతపూర్వకంగా చెప్పడం మంచిది.

కింది గదికి కూడా ఏసీ పెట్టాలనుకుంటున్నాము. మే నెలలో ఈయన దొరకడం కష్టం కనుక వచ్చే ఫిబ్రవరికి ఇప్పుడే చెప్పి ఉంచాను. 500 రూపాయల బయానా తీసుకొని జేబులో పెట్టుకున్నారు. రసీదు మళ్ళీ నేను అడిగితేనే రాశారు.