కాలు ‘అతికిపోయింది’ అంటే నమ్మేసి డబ్బు కట్టకండి: శ్రీకాకుళం వాళ్లకు జాగ్రత్త

శ్రీకాకుళం, నరసన్నపేట చుట్టుపక్కల ఎముక విరిగి వైద్యం చేయించుకుంటున్న వాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు దయచేసి ఇది చదవండి. ‘మూడు నెలల్లో గ్యారంటీగా అతికిస్తాం’ అని ఒక ప్రైవేటు క్లినిక్ మాకు పాతిక వేల ప్యాకేజీ అంటగట్టింది. పొడి డబ్బాలు, ఇంజెక్షన్లు, ఆఖర్న ఒక ఎక్స్‌రే.

మా అన్నయ్య ఆటో తోలతాడు. మోకాలి కింద పెద్ద ఎముక (టిబియా) విరిగితే వేరేచోట రాడ్డు వేయించాం. తర్వాత చూపించుకోవడానికి దగ్గర కదా అని ఈ క్లినిక్‌కి వెళ్లాం. గడువు రాగానే ఫోన్‌లో ఎక్స్‌రే ఫొటో చూపించి, ‘అతికిపోయింది, ఇక ఆటో తోలుకో’ అన్నారు. అప్పటికి అన్నయ్య అడుగేస్తే పళ్లు బిగపట్టేవాడు. విరిగినచోట వేలితో నొక్కితే ఉలిక్కిపడేవాడు. ఆ మాట చెబితే ‘రాడ్డు నొప్పిలే’ అని కొట్టిపారేశారు. ఫిల్ము ఇవ్వలేదు, రసీదూ ఇవ్వలేదు.

విశాఖలో ఇంకో డాక్టరు ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఎక్స్‌రే తీయించారు. ముందు నుంచి తీసినది బాగానే ఉంది. పక్క నుంచి తీసినది లైటు మీద పెట్టగానే ఎముక ముందంచునా వెనకంచునా నల్లగీత తెగ్గొట్టినట్టు కనబడింది. రెండు ఫిల్ముల్లో కలిపి నాలుగు అంచులు కనిపిస్తాయి. వాటిలో కనీసం మూడింటి మీదుగా కొత్త ఎముక కలిసిందా అన్నదే డాక్టర్లు చూస్తారట. టిబియాకైతే రస్ట్ అనే స్కోరు ఉంది: ఒక్కో అంచుకు 1 నుంచి 3, మొత్తం 4 నుంచి 12; ఎంత ఎక్కువైతే అంత బాగా అతికినట్టు. ఒక్క ఫిల్ముతో అందులో సగమే తెలుస్తుంది. క్లినిక్ వాళ్లు మాకు చూపించింది ఆ సగమే.

ఎముక ఆలస్యంగా అతకడం వాళ్ల తప్పని నేను అనను. టిబియాకు నాలుగైదు నెలలు పట్టడం మామూలే. షుగరున్నా, బీడీ, సిగరెట్టు అలవాటున్నా ఇంకా నెమ్మది. సాధారణంగా 9 నెలలు దాటి, చివరి 3 నెలల్లో ఏ మార్పూ లేకపోతేనే ఇక దానంతటది అతకదని తేలుస్తారు. నా బాధల్లా అతకనిదాన్ని అతికిందని చెప్పి పనిలోకి పంపినందుకే. ఎముక కలవకుండా నెలల తరబడి బరువంతా రాడ్డు మీదే పడితే రాడ్డో, స్క్రూలో విరిగే ప్రమాదం ఉంది. అప్పుడు మళ్లీ ఆపరేషనే.

గ్యారంటీ ప్యాకేజీకి డబ్బు కట్టకండి. రెండు వైపుల ఎక్స్‌రేలు తీయించి, ఫిల్ములు చేతికి తీసుకోండి. పాత ఫిల్ము పక్కన పెట్టి ఏం మారిందో చూపించమనండి. నొక్కితే నొప్పి ఉంటే గట్టిగా చెప్పండి. కాలి మీద ఎంత బరువు మోపాలో ఆపరేషన్ చేసిన డాక్టరునే అడగండి. ప్యాకేజీ పేరుతో మీకూ ఇలాగే జరిగి ఉంటే కింద రాయండి, మిగతావాళ్లు చూసుకుంటారు.