బబులా, గడా? స్కానర్ చదివే ఫారానికి ఏది మేలు?

వేలల్లో వచ్చే ఫారాలను స్కాన్ చేసి, వివరాలను కంప్యూటర్ చేతే చదివించాలనుకున్నప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. జవాబును బబుల్‌లో, అంటే చిన్న వృత్తంలో దిద్దించాలా, గడికో అక్షరం చొప్పున రాయించాలా, లేక ఒక గీత గీసి ఎలాగైనా రాసుకోమని వదిలేయాలా? చాలామంది ఫారం మొత్తానికి ఒకే పద్ధతి ఖాయం చేసేస్తారు. నేనైతే ఏ ప్రశ్నకు ఏది నప్పుతుందో ఆ ప్రశ్న దగ్గరే తేల్చుకోమంటాను.

బబుల్‌ది పాత కథ. 1938లో ఐబీఎం తెచ్చిన 805 యంత్రం, కాగితం మీది పెన్సిల్ గుర్తుల గుండా కరెంటు పారడాన్ని బట్టి జవాబులు లెక్కగట్టేది. కాంతితో చదివే యంత్రాలు తర్వాత వచ్చాయి. దిద్దిన గుర్తులను చదివే ఇప్పటి ఓఎంఆర్ సాఫ్ట్‌వేర్ పని ఇంకా తేలిక. ఫలానా చోట ఉన్న వృత్తం ఎంత నల్లబడిందో కొలిస్తే చాలు, ఎవరి దస్తూరీ ఎలా ఉన్నా దానికి అనవసరం. నాలుగైదు జవాబుల్లో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నకు బబుల్‌ను మించింది లేదు. వృత్తం లోపల వేసే అక్షరాన్ని మాత్రం లేత రంగులోనే వేయాలి. ముదురు నలుపులో వేస్తే ఖాళీ వృత్తం కూడా కొంత దిద్దినట్టే లెక్కకొస్తుంది.

అదే బబుల్‌ను పది అంకెల నంబరుకు పెట్టి చూడండి. నిలువుకు పది చొప్పున పది వరుసలు, మొత్తం వంద వృత్తాలు. నింపేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. ఏడో అంకెను ఎనిమిదో వరుసలో దిద్దేస్తారు, కొన్నిసార్లు ఒక వరుసను అసలు వదిలేస్తారు. యంత్రం దాన్ని పొల్లుపోకుండా చదువుతుంది, కాకపోతే అది చదివేది తప్పు నంబరు. వరుస ఖాళీగా ఉంటే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది గానీ, పక్క అంకె మీద దిద్దితే మామూలుగా పట్టుకోలేదు.

గళ్ళలో ఈ బాధ లేదు. మనిషి తన నంబరును మామూలుగా రాసుకుంటూ పోతాడు. కష్టం ఇక్కడ యంత్రం వైపు ఉంటుంది. చేతిరాతను చదివే ఐసీఆర్ ఒక్కో అంకెను 99 శాతం సరిగ్గా గుర్తిస్తుందనుకుందాం. వినడానికి గొప్పగానే ఉంది. కానీ పది అంకెలూ తప్పు లేకుండా రావాలంటే 0.99ని పదిసార్లు హెచ్చవేయాలి, అంటే 90 శాతమే. అదే 98 అయితే 82 దగ్గర ఆగుతుంది. ప్రతి అయిదారు ఫారాల్లో ఒకదానికి నంబరు తప్పు!

దీనికి మంచి మందు చెక్ డిజిట్. నంబరు చివర, మిగతా అంకెల నుంచి లెక్కకట్టిన ఒక అంకెను తగిలిస్తారు. 1969లో వచ్చిన వెర్హోఫ్ పద్ధతి, ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా తప్పకుండా పట్టేస్తుంది. మీరు ఇచ్చే నంబరైతే చెక్ డిజిట్‌తోనే ఇవ్వండి. ఇంకో మందు, ఈ గళ్ళలో అంకెలే ఉంటాయని సాఫ్ట్‌వేర్‌కు ముందే చెప్పడం. అప్పుడు సున్నాను ఇంగ్లీషు ఓ అనీ, అయిదును ఎస్ అనీ పొరబడే గొడవ పోతుంది. గడి సైజు విషయంలో పీనాసితనం వద్దు. అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, ఆరేడు ఎత్తు, గడికీ గడికీ మధ్య కాస్త సందు ఉండాలి.

నిజంగా ముఖ్యమైన నంబరైతే నేను రెండూ పెడతాను. పైన గళ్ళు, కింద బబుల్స్. రెండూ కలిస్తే సరే, కలవనివి మాత్రమే మనిషి చూస్తాడు. కాగితం ఖర్చవుతుంది గానీ మనశ్శాంతి ఉంటుంది.

గళ్ళు ఏ రంగులో? నల్ల గీతలతో వేస్తే ఏ ప్రింటర్‌లోనైనా పని అయిపోతుంది, కానీ చిక్కు చదివేటప్పుడు వస్తుంది. ఎవరో 7 రాస్తూ పై అడ్డగీతను సరిగ్గా గడి అంచు మీదే లాగారనుకోండి. సాఫ్ట్‌వేర్ గడి గీతల్ని చెరిపేటప్పుడు ఆ అడ్డగీత కూడా పోతుంది. మిగిలేది వాలుగా నిలబడ్డ ఒక గీత, దాన్ని 1 అని చదువుతుంది. లేత ఎరుపులోనో నారింజలోనో వేసి, స్కానర్‌లో ఆ రంగును తీసేయమంటే గడి మాయమై రాత ఒక్కటే మిగులుతుంది. దీన్నే డ్రాపౌట్ కలర్ అంటారు. నా ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త ఉంది: ఎర్ర గళ్ళ ఫారాన్ని ఎర్ర పెన్నుతో నింపితే గడితో పాటు జవాబూ మాయం. నీలం, నలుపు పెన్ను మాత్రమే వాడాలని మొదటి గడి పక్కనే పెద్దక్షరాల్లో వేయండి. నీలాన్ని డ్రాపౌట్‌గా ఎందుకు వాడకూడదో వేరే చెప్పక్కర్లేదు.

మూల గుర్తుల మాట. ఒకసారి మేము ఫారాల్ని ఫైలుగా పంపి, ఎక్కడికక్కడ ప్రింట్ తీసుకోమన్నాం. మూలల్లో గుర్తులు పెట్టలేదు. కొందరి ప్రింటర్లు పేజీలో పట్టేలా 97 శాతానికి కుదించాయి. కంటికి తేడా కనబడదు. కానీ 250 మిల్లీమీటర్లు ఉండాల్సిన పొడవు 242.5 అయింది. వరుసల మధ్య ఎడం ఆరు మిల్లీమీటర్లే, తేడా ఏడున్నర. పేజీ చివరి ప్రశ్నలకు పక్క వరుస జవాబులు వచ్చి పడ్డాయి. నాలుగు మూలల్లో నాలుగు నల్ల చదరాలు ఉంటే, వాటి మధ్య దూరాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ కుదింపునూ వంకరనూ తనే సరిచేసుకునేది. ఏ వరుస ఎక్కడుందో చెప్పేలా అంచు వెంట వేసే నల్లని అడ్డగీతల టైమింగ్ ట్రాక్ ప్రత్యేక ఓఎంఆర్ యంత్రాలకు కావాలి. మామూలు స్కానర్‌కు మూల చదరాలు చాలు.

ఇక గీత మీద ఇష్టమొచ్చినట్టు రాయించడం. పేర్లు, చిరునామాలు, అభిప్రాయాలకు తప్ప వద్దు. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే పేరుకూ గళ్ళు పనికొస్తాయి. తెలుగులో గళ్ళు ఇస్తే మాత్రం నింపేవాళ్ళకు ధర్మసందేహం మొదలవుతుంది. 'స్త్రీ' ఒక గడిలో రాయాలా, మూడింటిలోనా? ఒత్తులు కింది వరుసలోకి దిగిపోతాయి. తెలుగులో రాయించే చోట విశాలంగా ఖాళీ పెట్టి, ఆ బొమ్మను కత్తిరించి మనిషికి చూపించడమే నయం. స్త్రీ, పురుషుడు లాంటివి ఎలాగూ బబుల్సే.

అన్నిటికన్నా మేలైన గడి మాత్రం ఎవరూ నింపక్కర్లేనిది. నింపేవాళ్ళ నంబరు మీ దగ్గర ముందే ఉంటే క్యూఆర్ కోడ్‌గా అచ్చువేసి పంపండి. పాడైన భాగాన్ని సరిదిద్దుకునే స్థాయిల్లో పైదైన హెచ్ వాడితే సుమారు 30 శాతం వరకూ పాడైనా చదవొచ్చు.

ఫారం కవర్లో తిరిగొచ్చేదైతే ఒక స్కేలు పట్టుకోండి. ఏ4 కాగితాన్ని మూడు సమాన మడతలు పెడితే పై నుంచి 99, 198 మిల్లీమీటర్ల దగ్గర మడత పడుతుంది. మడత నీడ స్కాన్‌లో గీతలా కనిపిస్తుంది, కాబట్టి అక్కడ గళ్ళూ బబుల్సూ వద్దు. కావాలంటే అక్కడ సంతకం పెట్టించుకోండి, దాన్ని యంత్రం ఎలాగూ చదవదు.