జాగ్రత్త: గేమ్ కంట్రోలర్‌లో లోపముంటే ‘డ్రైవర్ వేసుకోండి’ అన్న మాట నమ్మి గడువు పోగొట్టుకోకండి

కంప్యూటర్‌కు వైర్‌లెస్ గేమ్ కంట్రోలర్ కొనాలనుకునేవాళ్లు ఒకసారి ఇది చదవండి. పేరున్న కంపెనీ సరుకంటూ సగం ధరకు పెట్టిన ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నాకు అంటగట్టింది నకిలీ. దానికన్నా, రిటర్న్ గడువు దాటేదాకా నన్ను తిప్పించిన తీరే ఒళ్లు మండించింది.

లోపం మొదటి ఆటలోనే బయటపడింది. బొటనవేలితో తిప్పే ఎడమ స్టిక్‌ను తాకకపోయినా ఆటలో మనిషి తనంతట తానే గోడవైపు నడుచుకుంటూ పోతున్నాడు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లిషు అక్షరాల్లో జె ఓ వై చుక్క సి పి ఎల్ అని కొడితే కంట్రోలర్ల జాబితా వస్తుంది. ప్రాపర్టీస్‌లోకి వెళితే చదరంలో చిన్న ప్లస్ గుర్తు కనిపిస్తుంది. స్టిక్ వదిలేస్తే అది నడిమధ్యన నిలవాలి. నాది పై మూలకు జరిగి వణుకుతూ ఉంది. (వేళ్లతో నొక్కే వెనక మీటలు, అంటే రెండు ట్రిగ్గర్లూ ఒకే పట్టీలో కనబడితే మాత్రం కంగారు వద్దు, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ రకం కంట్రోలర్లు అక్కడ అలాగే కనిపిస్తాయి.)

అమ్మకందారుకు వీడియో పంపాను. కాలిబ్రేట్ చేయమన్నారు, అంటే స్టిక్ నడిమధ్య ఎక్కడో కంప్యూటర్‌కు మళ్లీ చూపించమన్నారు. తర్వాత కేబుల్ మార్చమన్నారు. ఛార్జింగ్‌కే పనికొచ్చే కేబుల్ పెడితే కంప్యూటర్ కంట్రోలర్‌ను గుర్తించదన్నది నిజమే. కానీ గుర్తించాక స్టిక్ దానంతటది కదిలితే అది కేబుల్ తప్పెలా అవుతుంది? చివరికి వాట్సాప్‌లో ఏదో డ్రైవర్ (కంట్రోలర్‌ను కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) లింకు పంపారు. ఎక్స్‌బాక్స్ రకం కంట్రోలర్లకు కావలసిన డ్రైవర్ విండోస్ 10, 11లలోనే ఉంటుంది. ఊరూపేరూ లేని ఫైలును దయచేసి ఎవరూ తెరవకండి. నేను కుదరదన్నాక సమాధానాలు మందగించాయి. ఆ తర్వాత వచ్చిన జవాబు ఒక్కటే: ‘రిటర్న్ గడువు దాటింది.’

డెడ్ జోన్ (స్టిక్ ఎంత కదిలేదాకా ఆట పట్టించుకోదో ఆ హద్దు) పెంచి సర్దుకోమని కొందరు సలహా ఇస్తారు. దాంతో నడక ఆగుతుంది, కానీ గురి చూసేటప్పుడు స్టిక్ చిన్న కదలికలను పట్టించుకోదు. పాతబడ్డ కంట్రోలర్‌కైతే సరే, కొత్తదానికి ఆ ఖర్మ ఎందుకు?

అట్టపెట్టె కూడా చూడండి. 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనల ప్రకారం, విదేశీ సరుకుపై దిగుమతిదారు పేరు, చిరునామా, ఎం.ఆర్.పి. ఉండాలి. నా పెట్టెపై ఒక్కటీ లేదు. పార్సిల్ విప్పేటప్పుడే వీడియో తీసి, స్టిక్ పరీక్ష అదే రోజు చేసి, తేడా ఉంటే వాళ్లతో మాటలు పెట్టుకోకుండా నేరుగా రిటర్న్ నొక్కండి. గడువు దాటినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. నా ఫిర్యాదు అక్కడ నమోదైంది, డబ్బు ఇంకా రాలేదు. అదే ఫొటోతో ఆ కంట్రోలర్‌ను ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు.