కస్టడీ కేసు పాత కౌంటీలోనా, కొత్త కౌంటీలోనా? టెక్సస్‌లో ఏది మేలు?

హ్యూస్టన్‌లో విడాకులు, హారిస్ కౌంటీ కోర్టు ఇచ్చిన కస్టడీ ఆర్డర్. తర్వాత ఉద్యోగం మారి తల్లి పిల్లాడితో డాలస్ దగ్గరున్న ఫ్రిస్కో వచ్చేసింది. టెక్సస్ తెలుగువాళ్ళకి ఇది తెలిసిన కథే. ఇప్పుడు ఆర్డర్‌లో మార్పు కావాలంటే, నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుంటూ హ్యూస్టన్‌కే వెళ్ళాలా?

ఇల్లు మారినంత మాత్రాన కేసు వెంట రాదు. తుది ఆర్డర్ ఇచ్చిన కోర్టుదే అధికారం. అక్కడే పిటిషన్ వేసి, బదిలీ మోషన్ (కేసును కొత్త కౌంటీకి మార్చమనే అర్జీ) కూడా దాంతోపాటే పెట్టాలి. "ముందు కేసు పడనీ, బదిలీ సంగతి తర్వాత చూద్దాం" అనుకుంటే ఆలస్యమైందని కొట్టేస్తారు. నోటీసు అందుకున్నవాళ్ళకైతే, 20 రోజులు గడిచాక వచ్చే మొదటి సోమవారం దాకా గడువు.

పిల్లాడు కొత్త కౌంటీలో ఆరు నెలలు ఉన్నాడా అన్నదే అసలు ప్రశ్న. ఉంటే, గడువులోపు అడిగినప్పుడు జడ్జి బదిలీ చేసి తీరాలి. ఇష్టాయిష్టాలతో పని లేదు. మధ్యలో వేసవికి నాన్న దగ్గరికి వెళ్ళొచ్చినా లెక్క తెగిపోదు. కానీ ఆరు నెలలూ కేసు వేసిన తేదీ నుంచి వెనక్కి లెక్కిస్తారు. అయిదో నెలలో తండ్రి హ్యూస్టన్‌లో కేసు వేస్తే, ఆ తర్వాత నిండిన నెలలు పనికిరావు.

ఆరు నెలలు నిండనివాళ్ళు సాక్షుల సౌకర్యం చూపించి అడగొచ్చు. అది పూర్తిగా జడ్జి విచక్షణ. కాదంటే వెంటనే అప్పీలుకు వీల్లేదు, లాయర్ బిల్లు మాత్రం వస్తుంది. తొందరేమీ లేకపోతే ఆగడమే నయం.

మరి బదిలీ హక్కు ఉన్నవాళ్ళు వాడుకోవాలా? గొడవ దేని గురించో చూడండి. స్కూలు, డాక్టరు, పిల్లాడి దినచర్య అయితే కొత్త కౌంటీయే మేలు. టీచరు ఒక పూట సెలవు పెట్టి వచ్చి చెప్పగలదు. విజిటర్ వీసా మీద వచ్చి వాడికి రోజూ అన్నం పెడుతున్న అమ్మమ్మ కూడా తిరుగు టికెట్ లోపు సాక్ష్యం చెప్పి వెళ్ళొచ్చు.

గొడవ పాత ఆర్డర్ మాటల గురించే అయితే, అంటే పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండాలి, ఇండియా తీసుకెళ్ళాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి లాంటివైతే, ఆ షరతు ఎందుకు పెట్టారో తెలిసిన జడ్జి దగ్గరే ఉంచుకోవడం నాకు సబబు అనిపిస్తుంది. అయితే ఆ జడ్జి ఇంకా ఆ సీట్లో ఉన్నారా? ఇక్కడ జిల్లా జడ్జిలకు నాలుగేళ్ళకోసారి ఎన్నికలు. సీటు మారితే ఆ లాభం పోయినట్టే. "ఆ కౌంటీ జడ్జి తల్లులకు అనుకూలమట" లాంటి పాట్‌లక్ కబుర్లతో మాత్రం నిర్ణయించుకోకండి.

వేరే రాష్ట్రానికి వెళ్ళినవాళ్ళకి ఇదేదీ వర్తించదు, ఆ చట్టం వేరు.

ఇంకొకటి. ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ కూడా రెండిట్లోనూ ఉంది కాబట్టి స్కూలు పేరు చూసి చెప్పలేం. కాలిన్ కోర్టు మెకిన్నీలో, డెంటన్‌ది డెంటన్ ఊళ్ళో. మోషన్‌లో కౌంటీ పేరు రాసేముందు ఇంటి ప్రాపర్టీ ట్యాక్స్‌లో కౌంటీ పన్ను ఏ కౌంటీకి కడుతున్నారో చూసుకోండి. అద్దె ఇల్లయితే ఓనర్‌ని అడగండి.